క్లెమ్ డ్రిస్కల్ పింగాణీ గది

మేరీబరోలో మా వీధికి క్లెమ్ డ్రిస్కల్ వచ్చిన మొదటి ఏడాదే వీధి మగవాళ్ళలో సగం మంది అతని చేతి దెబ్బ రుచి చూశారు. పాలవాడు తిన్నాడు. పోస్టాఫీసులో బిళ్ళలు అంటించే మనిషి తిన్నాడు. మా ఆయన నార్మన్ అయితే మా ఇంటి గేటు దగ్గరే తిన్నాడు, కుక్క విషయంలో. మర్నాడు పొద్దున్నే క్లెమ్ వచ్చి మా తలుపు తట్టాడు.

"నిన్న తప్పు నాదే. ముక్కెలా ఉంది?"

నార్మన్ లోపలికి వెళ్ళిపోయాడు. నేనే అన్నాను, "ముక్కు ఉన్నచోటే ఉంది. నువ్వు కూడా నీ ఇంట్లో నువ్వుంటే అందరి ముక్కులూ బావుంటాయి."

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. అది 1961. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఒకే కంచెకి అటూ ఇటూ బతికాం. అతని గురించి ఊళ్ళో చాలా చెప్పుకుంటారు. నాకు తెలిసినది నేను చెబుతాను.

క్లెమ్ పుట్టింది ఉత్తరాన, మాలీ అని పిలిచే ఇసుక నేలల్లో. తండ్రి కుందేళ్ళు పట్టి చర్మాలు అమ్మేవాడు. ఇనప ఉచ్చులకుండే గొలుసుతోనే కొడుకుని కొట్టేవాడు. ఏ తప్పుకీ అని అడిగితే, "వర్షం పడకపోయినా నాదే తప్పు" అని నవ్వేవాడు క్లెమ్. పదహారో ఏట ఒకరోజు ఆ గొలుసు రెండో కొస తను పట్టుకున్నాడు. తండ్రి నేల మీద పడి ఉండగానే ఇల్లు వదిలి, ఊరూరా తిరిగే బాక్సింగ్ డేరాలో చేరాడు.

ఏటా వ్యవసాయ ప్రదర్శన జరిగే మైదానాల్లో, కేకుల పోటీకీ పొట్టేళ్ళ పోటీకీ మధ్య ఎక్కడో ఆ డేరా వేసేవారు. డ్రమ్ము మోగేది. డేరా ముందు ఎత్తు బల్ల మీద నలుగురైదుగురు బాక్సర్లు చేతులు కట్టుకుని నిలబడేవారు. "ఈ ఊళ్ళో మగాళ్ళంతా ఉన్ని కత్తిరించడానికి పోయారా, లేక వాళ్ళకే ఉన్ని కత్తిరించేశారా?" అని యజమాని కింద ఉన్న జనాన్ని రెచ్చగొట్టేవాడు. తాగి ఉన్న రైతు కుర్రాడొకడు బల్ల ఎక్కేవాడు. లోపల మూడు రౌండ్లు. మొదటి రెండింటిలో కుర్రాణ్ణి కాస్త మెరవనిచ్చి, మూడోదాంట్లో పెద్దగా నొప్పి లేకుండా పడుకోబెట్టడం డేరా పద్ధతి. క్లెమ్ ఆ పద్ధతి తరచూ మరిచిపోయేవాడు.

1953లో మినియిప్ అనే ఊళ్ళో అలాగే మరిచిపోయాడు. బల్ల ఎక్కినవాడు కాలిన్ ట్రెగెల్లా, గోధుమ రైతు కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. ఎక్కుతూనే, "ఏరా, నీ మొహం గుర్రం తొక్కిందా, మీ అమ్మ అలాగే కన్నదా?" అని, నోట్లో ఉన్న బీరు క్లెమ్ మొహాన ఊశాడు. జనం గొల్లున నవ్వారు. రెండో రౌండు చివర కాలిన్ అలిసిపోయి చేతులు దించేశాడు. గంట మోగింది. గంట మోగాక క్లెమ్ ఇంకో మూడు దెబ్బలు వేశాడు. మూడోది కుడి కంట్లో దిగింది. కాలిన్ మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ కంటికి అదుముకుని, "బయటికొచ్చేస్తోంది, ఎవరైనా పట్టుకోండి" అని అరిచాడట. జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ డేరా బయటికి పోయారు.

మర్నాడు ఉదయం డేరా వెనక పంపు దగ్గర క్లెమ్ మొహం కడుక్కుంటున్నాడు. ఒకావిడ నడిచి వచ్చింది. టోపీ పెట్టుకుని ఉంది, కేకుల పందిట్లో టీ ఇచ్చే ఆడవాళ్ళు కట్టుకునే తెల్ల ఏప్రన్ కట్టుకుని ఉంది. చేతిలో పాల జగ్గు.

"నువ్వేనా?"

"నేనేనమ్మా."

ఆవిడ పేరు ఐవీ, కాలిన్ తల్లి. ఆ జగ్గు ఎత్తి క్లెమ్ మొహం మీద పగలగొట్టింది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది. చేతిలో మిగిలిన పిడితో మళ్ళీ మళ్ళీ పొడిచింది. పెంకు ఆవిడ అరచేయి కూడా కోసేస్తోంది, ఆవిడకి పట్టలేదు. క్లెమ్ చేతులు ఎత్తలేదు.

"కొట్టరా! ఎందుకు నిలబడ్డావ్? నీకొచ్చింది అదొక్కటేగా, కొట్టు నన్ను కూడా!"

చివరికి ఆవిడే అలిసిపోయింది. క్లెమ్ తన జేబులో ఉన్న బాక్సింగ్ కట్టుగుడ్డ తీసి ఆవిడ అరచేతికి కట్టబోయాడు. కట్టనిచ్చింది. కట్టడం అయ్యాక అతని మొహాన ఉమ్మేసి వెళ్ళింది. అతను కింద కూర్చుని పెంకులన్నీ ఏరాడు. ఎందుకు ఏరావని నేను అడిగాను. "ఏమో ఊనా. ఆ పిడి చూశాను. జామాయిలు కొమ్మలాగా చేశారు, రెండు ఆకులు, రెండు కాయలు. అంత శ్రద్ధగా చేసినదాన్ని ఎవరో నా మొహాన పగలగొట్టారు అనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత డేరా మానేశాడని చెబితే వినడానికి బావుంటుంది. మానలేదు. ఇంకో అయిదేళ్ళు కొట్టాడు, కొట్టించుకున్నాడు. పెంకులు మాత్రం రేకు పెట్టెలో అతనితోపాటు ఊళ్ళు తిరిగాయి.

మా ఊళ్ళో ఉన్ని మిల్లులో పని దొరికాక సొంతిల్లు ఏర్పడింది. ముందు గదిలో సోఫా బదులు బీరువాలు పెట్టుకున్నాడు. మొదట, ఆ పెంకులు అతికించి నిలబెట్టిన పాల జగ్గు ఒక్కటే ఉండేది. తర్వాత పొలం సామాన్ల వేలాల్లో, చెత్తకుప్పల్లో, కోళ్ళగూళ్ళలో దొరికినవి ఒక్కొక్కటీ చేరాయి. మా అమ్మలు పిండి కలుపుకున్న మందపాటి గిన్నెలు, బయట గోధుమరంగు, లోపల తెలుపు. రొట్టెలు దాచుకునే మూత జాడీలు. పిడి మీదికి కోలా జంతువు ఎక్కుతున్నట్టు చేసిన పూలకూజాలు. ఆకుపచ్చ మీద తేనెరంగు కారినట్టు పూత పోసినవి. ఏది దొరికినా ముందు బోర్లించి అడుగు చూసేవాడు. అడుగున పచ్చిమట్టి మీద గీసిన అంకె, పేరు చూసి, ఏ కుమ్మరి చేసినదో, ఏ దశాబ్దంలోదో చెప్పేవాడు. సిడ్నీదా, బెండిగోదా, టాస్మానియాదా అన్నది బరువు చూసి చెప్పేసేవాడు. బడికి మూడేళ్ళే వెళ్ళిన మనిషి. చర్చి పాత సామాన్ల దుకాణంలో నేను పనిచేసేదాన్ని కాబట్టి, పెట్టెల్లో అలాంటివేమన్నా వస్తే అతని కోసం పక్కన పెట్టేదాన్ని.

1969లో జాయ్స్ అనే ఆవిడ అతనితో ఉండడానికి వచ్చింది. మిల్లులోనే పని. నవ్వే మనిషి. రెండేళ్ళు బాగానే ఉన్నారనుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం కంచె అవతల్నించి ఒకటే శబ్దం వినిపించింది, గోడకి బస్తా వేసి కొట్టినట్టు. నేను వెళ్ళేసరికి జాయ్స్ వంటింటి నేల మీద కూర్చుని ఉంది. దవడ పక్కకి జరిగి నోరు మూతపడడం లేదు. గిన్నెలో ఏదో నానబెట్టిందట, పూత మీద మరక పడిందట. అంతే కారణం. క్లెమ్ తలుపు దగ్గర నిలబడి తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"తప్పుకో" అన్నాను.

"ఊనా, నేను..."

"నోరు మూసుకుని తప్పుకోరా, దున్నపోతా."

నార్మన్ బండిలో జాయ్స్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దవడకి తీగ వేశారు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. నేను అతనితో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ ఏడాదిలోనే అతను తాగుడు మానేశాడు, చెయ్యి ఎత్తడం మానేశాడు. ఎవరైనా రెచ్చగొడితే చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. నేను తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాను. జాయ్స్ విషయంలో మాత్రం అతన్ని క్షమించలేదు, అది అతనికీ తెలుసు.

ఇక రాయ్డన్ పైక్ సంగతి. బల్లరాట్‌లో పాత వస్తువుల దుకాణం అతనిది. నీలం సూటు వేసుకుని పొలాల మీద తిరిగేవాడు. ఇంట్లో పెద్దాయన పోయిన వారానికి వెళ్ళి, "ఈ మట్టి పాత్రలు ఎవరిక్కావాలి అత్తయ్యా, స్థలం దండగ, నేను తీసుకుపోయి మీకు శ్రమ తప్పిస్తా" అనేవాడు. వెనకే క్లెమ్ వెళ్ళి, "అతనికి ఒక్క గిన్నె కూడా ఇవ్వకండి, వేలంలో పెట్టండి" అని చెప్పేవాడు. చాలా ఇళ్ళలో పైక్‌కి తలుపులు మూసుకుపోయాయి. ఎవరి వల్లో అతనికి తెలుసు.

1983 మార్చిలో అవోకా దగ్గర ఒక పొలంలో వేలం. ట్రాక్టర్లు, పాలడబ్బాలు, చివర్న బల్ల మీద వంటింటి సామాను. అందులో మోచేతి ఎత్తు కూజా ఒకటి, చుట్టూ జామాయిలు కొమ్మ చుట్టుకున్నట్టు ఉంది, ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు. పైక్, క్లెమ్ ఇద్దరే చివరిదాకా పాడారు. కూజా క్లెమ్‌కి వచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

పైక్ దగ్గరికొచ్చాడు. "డేరాలో కోతిలా ఆడినవాడికి ఇప్పుడు పూలకూజా కావాలా? పూలు పెడతావా అందులో, ఆడదాని దవడ పెడతావా?"

క్లెమ్ పక్కకి తిరిగాడు. తిరుగుతుంటే పైక్ మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. కూజా జారి బల్ల ఇనప కాలికి తగిలి మూడు చెక్కలైంది.

"అయ్యో, చూసుకోలేదు" అన్నాడు పైక్.

పన్నెండేళ్ళు జేబుల్లో ఉన్న చేతులు బయటికొచ్చాయి. మొదటి దెబ్బకి పైక్ పళ్ళు గడ్డిలో పడ్డాయి. రెండోదానికి పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పడిపోయినవాణ్ణి కాలర్ పట్టి లేపి మరీ కొట్టాడు. నలుగురు రైతులు మీద పడితే గానీ విడిపించలేకపోయారు. అందులో ఒకాయన చెవి కూడా చిరిగింది. నేను, "క్లెమ్, చాలు! చచ్చిపోతాడు!" అని అరుస్తున్నాను. అతని మొహంలో కోపం కూడా లేదు. కట్టెలు కొడుతున్నవాడిలా ఉన్నాడు.

మూడు నెలలు జైలు పడింది. తాళంచెవి నాకిచ్చి వెళ్ళాడు. నార్మన్ పోయి అప్పటికి అయిదేళ్ళు. వారానికోసారి వెళ్ళి దుమ్ము దులిపి వచ్చేదాన్ని.

మే నెలలో ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు, నేను ముందు గదిలో స్టూలు మీద నిలబడి పై అర తుడుస్తున్నాను. తలుపు తన్నుకుని ఇద్దరు లోపలికొచ్చారు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు, ఇంకొకడి చేతిలో గొడ్డలి, దాని మొద్దువైపు ముందుకు పట్టుకున్నాడు. బ్యాటువాడి మెడ మీద పిచ్చుక పచ్చబొట్టు.

"ఎవరూ ఉండరన్నాడే?" అన్నాడు గొడ్డలివాడు.

"ముసలావిడేగా. అత్తా, దిగి ఆ కుర్చీలో కూచో. చూడ్డానికి టిక్కెట్టు అక్కర్లేదు."

మొదటి బీరువా అద్దం పగిలింది. అరకి అర కొట్టుకుంటూ పోయారు. గిన్నెలు మందమైనవి కదా, ఒక్క దెబ్బకి పగిలేవి కావు. వాళ్ళకి అది ఆటైపోయింది. "ఇది ఎన్ని దెబ్బలకి పోతుందంటావ్?" "రెండు." "మూడు, కాసుకో." ఒకడు గాల్లోకి విసిరేవాడు, ఇంకొకడు బ్యాటుతో కొట్టేవాడు. పెంకులు నా చెంపలకి గుచ్చుకున్నాయి. పక్క వీధికి వినపడేలా అరిచాను. ఎవరూ రాలేదు. చివరి బీరువా దగ్గరికి వెళ్తుంటే నేను లేచి దానికి అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. అవి నావి కావు.

"జరుగత్తా."

"జరగను. మీ అమ్మ వంటింట్లో లేవురా ఇవి? వీటిలో కలిపిన పిండేగా తిని పెరిగావు?"

పచ్చబొట్టువాడు ఒక్క క్షణం ఆగాడు. రెండోవాడు ఆగలేదు. గొడ్డలి మొద్దు నా ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగినప్పుడు నొప్పి ముందు రాదు, వేడి వస్తుంది. నేను పెంకుల్లో పడ్డాను. నా పైనే చివరి బీరువా కూడా ఖాళీ చేశారు. మూడు వందల పైచిలుకు పాత్రలు. ఒక్కటీ మిగల్లేదు. కనుబొమ్మ చీల్చిన ఆ పాత జగ్గు కూడా పోయింది.

జూన్‌లో క్లెమ్ విడుదలై నేరుగా మా ఇంటికొచ్చాడు. నా చెయ్యి కట్టులో ఉంది. అది చూశాక తన ఇంటివైపు చూడనేలేదు.

"ఎవరు?"

"పోలీసులు ఇద్దర్నీ పట్టుకున్నారు. నేను గుర్తుపట్టాను. అయిపోయింది, కూర్చో, టీ పెడతా."

"పంపిందెవరు?"

"క్లెమ్, కూర్చో."

"నువ్వు చెప్పక్కర్లేదులే" అని బయటికి నడిచాడు. తన బండి వెనక తొట్టిలోంచి జాకీ రాడ్డు తీసి పక్క సీటులో పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. పోలీసులకి ఫోన్ చేశాను. బల్లరాట్ గంట దారి, అయినా వాళ్ళకంటే ముందు అతనే చేరాడు.

అక్కడ జరిగింది కోర్టులో విన్నాను. దుకాణం తెరిచే ఉంది. పైక్ గల్లా వెనక కూర్చుని ఉన్నాడు. క్లెమ్ విడుదలయ్యే తేదీ అతనికి తెలుసు, అందుకే తుపాకీ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. క్లెమ్ లోపల అడుగు పెట్టగానే పేల్చాడు. మొదటి తూటా రవ్వలు పక్క అరల్లో దూరి, పైక్ సొంత కూజాలే పేలి గదంతా ఎగిరాయి. రెండోసారి పేల్చినప్పుడు క్లెమ్ ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడు వేళ్ళు పోయాయి. ఆ చేత్తోనే గల్లా బల్ల దాటి, కుడి చేతిలో రాడ్డుతో పైక్ మోచెయ్యి విరగ్గొట్టాడు, తర్వాత మోకాలు. మోకాలి మీద రెండుసార్లు కొట్టాడని డాక్టరు చెప్పాడు. మూడోసారి తల మీదికి ఎత్తాడు. అప్పుడు పైక్ భార్య వెనక గదిలోంచి వచ్చి మొగుడి మీద బోర్లా పడుకుంది. రాడ్డు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

"లేమ్మా" అన్నాడట క్లెమ్.

"లేవను."

అతను రాడ్డు కింద పడేసి, నెత్తుటి చేతిని చంకలో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యమ్మా. ఇద్దరికని చెప్పు" అన్నాడు. ఆ మాట కోర్టులో ఆవిడే చెప్పింది. క్లెమ్ తరపున ఎవరైనా చెప్పిన మంచిమాట ఆ కేసులో అదొక్కటే.

క్లెమ్‌కి రెండున్నరేళ్ళు పడ్డాయి. మనుషుల్ని పంపినందుకూ, తుపాకీ పేల్చినందుకూ పైక్‌కి నాలుగేళ్ళు. ఆ కాలు మళ్ళీ వంగలేదు, దుకాణం మళ్ళీ తెరవలేదు.

క్లెమ్ తిరిగొచ్చేసరికి పెంకులన్నీ బంగాళదుంపల గోనెల్లో నింపి అతని షెడ్డులో పెట్టి ఉంచాను. పదకొండు గోనెలు. అతుకుతాడేమో అనుకున్నాను. అతను ఒక గోనె మూతి విప్పి చూసి, మళ్ళీ కట్టేశాడు. ఆ వేసవిలో కోళ్ళకి కొత్త షెడ్డు కడుతూ, సిమెంటు నేల కింద ఆ పదకొండు గోనెలూ పోసి దిమ్మిస కొట్టాడు. నేను కంచె దగ్గర నిలబడి చూస్తున్నాను. అతను తల ఎత్తకుండా, "గట్టి మట్టి. కుంగదు" అన్నాడు.

మళ్ళీ వేలాలకి వెళ్ళడం మొదలైంది. పెట్టెలు అతను కుడి చేత్తో ఎత్తేవాడు, నేను బోర్లించి అడుగు చదివేదాన్ని. నా ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. ఒకరోజు బండిలో తిరిగొస్తూ అడిగాను, ఎన్నాళ్ళుగానో అడగాలనుకుంటున్నది.

"వాళ్ళు నన్ను కొట్టకుండా గిన్నెలే పగలగొట్టి ఉంటే, నువ్వా రోజు వెళ్ళేవాడివా?"

"వెళ్ళేవాణ్ణి."

"గిన్నెల కోసం?"

"గిన్నెల కోసం కాకపోతే ఇంకోదాని కోసం. నీ చెయ్యి చూసినప్పుడు, నిజం చెప్పమంటావా, ముందు సంతోషమేసింది. కారణం దొరికిందని."

బండి ఆపమన్నాను. ఆపాడు. కుడి చేత్తో అతని చెంప మీద నా బలమంతా పెట్టి కొట్టాను. అరవై రెండేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి ఒక మనిషిని కొట్టాను. రెండోసారి కూడా కొట్టాను. మూడోసారి ఎత్తిన చెయ్యి దించుకోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. కొట్టడం ఆపాలని లేదు.

అతను నా వంక చూశాడు. నవ్వలేదు, వెక్కిరించలేదు.

"చూశావా?" అన్నాడు మెల్లగా.

"నడుపు" అన్నాను.

1991లో పక్షవాతంతో పోయాడు. చివరి మూడు వారాలు మాట లేదు. నర్సులు పక్క మార్చబోతే కుడి పిడికిలి బిగిసేది. నేను వెళ్ళి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి పట్టుకుని కూర్చునేదాన్ని. జాయ్స్‌కి కబురు పంపాను, వస్తుందని కాదు, తెలియాలని. ఆమె రాలేదు. ఒక పోస్టుకార్డు వచ్చింది: "తెలియజేసినందుకు థాంక్స్, ఊనా." అంతే.

రెండోసారి చేర్చిన పాత్రలు అరవై దాకా ఉన్నాయి. అతని ఇంటి ముందు గడ్డిలోనే బల్లలు వేసి వేలం పెట్టించాను. ఎక్కడెక్కడినుంచో వచ్చారు. ఒక్కోటీ బోర్లించి అడుగు చూసుకుని, వార్తాకాగితాల్లో చుట్టి పట్టుకెళ్ళారు. నేను ఒక్క పుడ్డింగు గిన్నె ఉంచుకున్నాను. క్రిస్మస్‌కి అందులోనే పిండి కలుపుతాను. బరువు గిన్నె, బల్ల మీద పెడితే నా భుజం సహకరించదు. ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మధ్య బిగించి కలుపుతాను.